బొంత మీద లేని అక్షరం

శోభనాద్రికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని గుడివాడ నుంచి కబురు అందేసరికి బాబూరావు బందరులో, బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని కాపలా నిలబడి ఉన్నాడు. తొంభై ఎనిమిదో సంవత్సరం, వానలు తెరిపిచ్చిన నెల. ముందు అతనికి కలిగింది బాధ కాదు, ఆలస్యమైపోయిందన్న ఆలోచన. శోభనాద్రికి ఒక మాట చెప్పాలని పాతికేళ్ళుగా అనుకుంటున్నాడు. కలిసినప్పుడల్లా పెన్షను గురించీ కాలవ నీళ్ళ గురించీ మాట్లాడి వచ్చేసేవాడు.

ఇద్దరూ నేవీలో సిగ్నల్‌మెన్. ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి జెండాలతో మాట చేరవేయడం వాళ్ళ పని. ఇంగ్లీషు అక్షరానికొక జెండా. సముద్రం మీద గొంతు కొంతదూరం వెళ్ళి తడిసిపోతుంది, రంగు తడవకుండా చేరుతుంది. హార్బరులో పక్కపక్క ఓడల్లో ఉన్నప్పుడు, ఉత్తరాది కుర్రాళ్ళకి అర్థం కాకుండా ఆ అక్షరాల్లోనే తెలుగు పంపుకునేవాళ్ళు. దీర్ఘాల్లేవు, ఒత్తుల్లేవు. శోభనాద్రి 'కల్లు' అని పంపితే బాబూరావు 'కాలు' అని చదివి, దెబ్బ తగిలిందేమోనని పడవ వేసుకుని వెళ్ళాడొకసారి.

డెబ్భై మూడులో, ఇద్దరూ ఒకే ఓడలో ఉండగా, విన్యాసాల మధ్య, ఒక మంచు ఉదయం ముందు ఓడ మూడు జెండాలు ఎగరేసింది. నడిమి జెండా తాడుకి చుట్టుకుపోయింది. అలాంటప్పుడు మళ్ళీ చూపించమని అడగాలి, అదే రూలు. కొత్తవాడు, మందకొడి అనుకుంటారని బాబూరావు అడగలేదు. ఊహించి శోభనాద్రికి చెప్పాడు. కుడికి తిరగాల్సిన ఓడ ఎడమకి తిరిగింది. పక్క ఓడకీ దీనికీ మధ్య ఒక వీధి వెడల్పు నీళ్ళు మిగిలాయి. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో బాబూరావు జెండా సరిగ్గానే కనిపించిందని, సరిగ్గానే చదివి చెప్పానని అన్నాడు. అప్పుడు తప్పు, ఆ మాటని పైకి చేరవేసిన శోభనాద్రి పేరున పడింది. అతని ప్రమోషను మూడేళ్ళు ఆగింది.

ఆ ఓడని తుక్కుకి పంపేటప్పుడు పాత జెండాలు పంచారు. బాబూరావు ఒక సెట్టు పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. అతను డ్యూటీలో ఉన్న ఒక వేసవిలో భార్య సువర్ణ వాటిని పాత చీరల మీద పరిచి బొంత కుట్టేసింది.

"ఓడ గుడ్డ గట్టిదండీ. పెట్టెలో పురుగు పట్టించే బదులు కప్పుకుంటే పోలా?" అంది.

కబురొచ్చిన సాయంత్రం శోభనాద్రి కోడలు హిమబిందుకి ఫోన్ చేశాడు. "మనుషుల్ని గుర్తుపడుతున్నారు బాబాయిగారూ, అన్నీ తెలుస్తున్నాయి. నోరే రావట్లేదు. అక్షరమాల చార్టు తెచ్చి చూపిస్తే, గుణింతాల దగ్గరికొచ్చేసరికి విసుగొచ్చి కళ్ళు మూసేసుకుంటున్నారు" అందామె.

ఆదివారం బాబూరావు బొంత చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

"ఏం సార్, పక్క కూడా వెంటేసుకెళ్తున్నారు, అత్తారింటికా?" అన్నాడు కండక్టరు.

పెడన దాటాక కాలవ నిండా గుర్రపుడెక్క పూలు. బాబూరావు చెప్పాల్సిన మాటని లోపల నాలుగు రకాలుగా పేర్చుకున్నాడు. గుడ్లవల్లేరు వచ్చేసరికి నాలుగూ చెదిరిపోయాయి.

శోభనాద్రి మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ఎడమచెయ్యి ఒక్కటే అతని మాట వింటోంది. బొంత ఒళ్ళో పరిస్తే ఆ కళ్ళు పై వరస నుంచి కింది వరసకి నడిచాయి, పేపరు చదివినట్టు.

"బావా, డెబ్భై మూడులో ఆ నడిమి జెండా నాకు కనపడలేదు. ఊహించి చెప్పాను. కనపడిందని అబద్ధమాడాను. నీ ప్రమోషను నా వల్ల ఆగింది." అన్నాడు బాబూరావు.

బాబూరావు ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే శోభనాద్రి చూపుడువేలు జెండాల మీద నడిచింది. M. తర్వాత A. అక్కడ ఆగి బొంతంతా వెతికింది, ఖాళీ చోట ఒకసారి తట్టింది. మళ్ళీ C, H, I, P, O.

"మా... మాత్రా?" అంది కాఫీ తెస్తున్న హిమబిందు. "ఇందాకేగా వేశాను మావయ్యగారూ!"

బాబూరావుకి ఆ ఖాళీలో ఒక అక్షరం కనిపించింది. అది పెడితే తను కోరుకున్న మాటే వస్తుంది. అందుకే దాన్ని అతను నమ్మలేదు.

"మళ్ళీ పంపు బావా. నాకు అందలేదు," అన్నాడు.

వేలు మళ్ళీ వెతికింది. అప్పుడు తట్టింది బాబూరావుకి. "R కోసమా? అది లేదు బావా. ఎర్ర జెండా మీద పసుపు సిలువ కదా, కత్తిరించడానికి మీ చెల్లెమ్మకి చెయ్యి రాలేదు. బైబిలు బల్ల మీద పరిచింది. X మీదా సిలువే, అదీ అక్కడే ఉంది. X తో తెలుగుకి పనిలేదనుకో."

శోభనాద్రి గొంతులోంచి కప్పీ తిరిగిన శబ్దం ఒకటి వచ్చింది. హిమబిందు హడలిపోయి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. అది నవ్వేనని ఆమెకి తెలియడానికి కాస్త సమయం పట్టింది.

నవ్వు ఆగాక వేలు R అక్కర్లేని వేరే దారి పట్టింది. V, A, D, I, L, E, Y.

"వదిలెయ్యాలా? బొంత తీసెయ్యమంటున్నారా బాబాయిగారూ?"

"కాదమ్మా, నాతో అంటున్నాడు." బాబూరావు మంచం పక్కన నిటారుగా నిలబడ్డాడు. అందిన మాటని తిరిగి చదివి వినిపించాలి. "వదిలెయ్. అంతేనా?"

వేలు ఒకసారి పైకి లేచి దిగింది. సరిగ్గా అందింది అని.

భోజనాలయ్యాక బాబూరావూ హిమబిందూ కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి, ఒక్కో జెండా కింద పిన్నీసుతో గుచ్చారు. బొంత ఇక్కడే ఉండిపోతుందని సువర్ణకి ఎలా చెప్పాలో బస్సులో ఆలోచించుకోవచ్చు. అతను గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగా లోపల హిమబిందు కూడబలుక్కుని చదువుతోంది.

"యు... పి... పి... యు. ఉప్పా? డాక్టరు గారు వద్దన్నారు కదండీ! బీపీ ఎంతుందో తెలుసా మీకు?"

మళ్ళీ అవే అక్షరాలు కూడబలుక్కుంది.

"మళ్ళీ ఉప్పేనా! మావయ్యగారూ, చిన్నపిల్లాడిలా ఏంటండీ ఇది?"

బాబూరావు కల్పించుకోలేదు. మూడున్నర బస్సు తప్పితే మళ్ళీ అయిదింటికి గాని లేదు.