తోక ఊపే తాళం

మా ఆయన తాళాల మేస్త్రీ. బజారులో అందరూ ఆయన్ని అనుమానం మేస్త్రీ అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. అంటే మళ్ళీ వాళ్ళింటి తాళం మొరాయించినప్పుడు ఈయన వెళ్ళరు. పెళ్ళిచూపుల్లో పిల్లని చూడమంటే మా వీధి తలుపు గడియ చూసి, "దీన్ని బయట నుంచి పుల్లతో తీసేయొచ్చండీ" అన్నారు మా నాన్నతో. నన్ను చూసింది ఆ తర్వాతే. అదేదో గమ్మత్తనుకుని చేసుకున్నాను, నా ఖర్మ. పాలు విరిగితే పాలవాడి మీద అనుమానం, విరగకపోతే ఆ పాలలో ఏం కలిపాడోనని అనుమానం. డాక్టరు నవ్వుతూ మాట్లాడితే జబ్బు పెద్దదేనని బెంగ. వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసుకోకుండా ఆయన ఒక్క ప్రయాణమూ చేయలేదు.

ఇందులో నవ్వుకోలేనిది ఒకటుంది. మా మరిది, ఇంట్లో అందరికీ బుజ్జోడు, అన్న కొట్లోనే పక్క బల్ల మీద పనిచేసేవాడు. వీళ్ళు తాళం బిగించిన ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. తలుపు పగల్లేదు, తాళం చెడలేదు. ఎవరైనా సబ్బు మీద అచ్చు తెచ్చి తాళంచెవి చేసిమ్మంటే చేయకూడదన్నది వాళ్ళ వృత్తిలో ఒట్టు లాంటిది. "ఆ ఒట్టు నువ్వే తప్పావు" అన్నారు ఈయన, నలుగురిలో. బుజ్జోడు సంజాయిషీ చెప్పుకోలేదు. తన ఆకురాయి మాత్రం తీసుకుని కొట్లోంచి, ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ ఇంటి అల్లుడే దొంగని, అత్తగారి తాళంచెవే వాడాడని పోలీసులు తేల్చారు. "పోలీసులు చెప్పేవన్నీ నిజాలా?" అన్నారు ఈయన. తమ్ముణ్ణి పిలవలేదు. మా అత్తగారు ఆ తర్వాత చిన్నకొడుకు ఊసే ఎత్తలేదు.

ఇలాంటి మనిషి కడుపున మా అమ్మాయి ఎలా పుట్టిందో! అది వస్తువులకు రూపం ఆలోచించే ఆఫీసులో పనిచేస్తుంది. మనిషి చెయ్యి తగలగానే వస్తువు ఎలా పలకాలి, ఎక్కడ నవ్వించాలి, ఇదే దాని ఉద్యోగం. ఒకరోజు, మా వీధి తలుపుకి పెట్టి పరీక్షించాలని కొత్త తాళం ఒకటి పట్టుకొచ్చింది. బయటికో కుక్క తల, లోపలికో కుక్క తల, కళ్ళ చోట రెండు దీపాలు, కింద రబ్బరు తోక. ఇంట్లో వాళ్ళ వేళ్ళు దానికి ముందే చూపించి పెట్టాలి. ఆ వేలు తల నిమిరితే కళ్ళు వెలిగి, తోక ఊగి, తలుపు తెరుచుకుంటుంది. లోపలి నుంచి తీయాలన్నా నిమరాల్సిందే. కొత్తవాళ్ళు ముట్టుకుంటే గుర్రుమంటుంది. చార్జింగ్ తగ్గితే ఆకలేసిన కుక్కపిల్లలా కుయ్యికుయ్యిమంటుంది.

"తాళం నవ్వులాట కాదే" అన్నారు ఈయన.

"తాళమంటే కాపలా కుక్కే కదా నాన్నా. అలా అనుకుంటే ఎవరికీ వాడటం నేర్పక్కర్లేదు. సరదాగా కూడా ఉంటుంది."

"కుక్కయితే బిస్కెట్ పడేసి కొనేయొచ్చు. నా తాళాన్ని అలా కొనమను చూద్దాం."

కూతురి ఉద్యోగం కోసం ఒప్పుకున్నారు గానీ, వెనక తలుపుకి మాత్రం తను చేసిన తాళమే ఉంచుకున్నారు. మా అత్తగారు మొదటిరోజు దాన్ని చూసి, "ఇదేం దయ్యమే!" అని గది దాటి రాలేదు. బతిమాలి వేలు పట్టించేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది.

దయ్యమో కుక్కో గానీ, అది నా మీద పడింది. తలుపు తీసినప్పుడల్లా మా ఆయన ఫోన్లో ఒక పంజా గుర్తు పడుతుంది. ఎవరు తీశారో మాత్రం చెప్పదు. సొంతవాళ్ళ మీద నిఘా మర్యాద కాదని అమ్మాయి కావాలనే అలా పెట్టింది. రోజూ మధ్యాహ్నం ఒక పంజా పడుతోందట. ఆ వేళకి ఆయన కొట్లో, అమ్మాయి ఆఫీసులో, నేను రెండు వీధుల అవతల టైలర్ దగ్గర చీరలకు ఫాల్స్ కుడుతూ ఉంటాం. అత్తగారు భోంచేసి పడుకుంటారు, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడమే గగనం.

"మధ్యాహ్నం ఇంటికెందుకొస్తున్నావు?" అన్నారు ఒకరోజు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నా మొహం చూడకుండా.

"నేను రావట్లేదండీ."

"మరి తోక ఎవర్ని చూసి ఊపుతోంది? బుజ్జోణ్ణి రానిస్తున్నావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మరిది వస్తే అన్నం పెట్టడం తప్పని కాదు, నా మాట నమ్మలేదని. మర్నాడు గుమ్మానికి అడ్డంగా సన్నటి దారం కట్టి ఉంది, ఎవరు దాటినా తెగేలా. ఆ మర్నాడు టైలర్‌ని అడిగారట, నేను మధ్యలో లేచి వెళ్తున్నానా అని. ఆ సంగతి విన్నాక కుట్టు ముందుకు సాగలేదు. ఇదే మాట నలుగురిలో అంటే నేనూ మరిదిలాగే గుమ్మం దిగిపోవాలి, ఇంకో దారి లేదు అనిపించింది. భయమేసింది కూడా.

మరోరోజు పొద్దున, "ఇనప్పెట్టె తెరవడానికి దూరం వెళ్తున్నాను, సాయంత్రం దాకా రాను" అన్నారు. పనిముట్ల సంచీ గోడకే వేలాడుతోంది. సరే, పట్టుకోనీ, నేనూ చూస్తానని మధ్యాహ్నం కుట్టు ఆపి వెనక తలుపు తీసుకుని వచ్చాను. వంటింటి తలుపు చాటున గొంతుక్కూర్చుని ఉన్నారు మహానుభావుడు! నన్ను చూసి, "దొరికావు" అన్నారు గుసగుసగా.

"మీరే దొరికారు" అన్నాను.

అప్పుడే వీధి తలుపు దగ్గర కుయ్యికుయ్యిమని మొదలైంది. పరీక్ష కోసం చేసిన తాళం కదా, బ్యాటరీ చిన్నది. మధ్యాహ్నానికి నీరసిస్తుందన్నమాట. గదిలో మంచం కిర్రుమంది. అత్తగారు గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూలబడ్డారు. కుక్క తల నిమిరారు. తోక ఊగింది, తలుపు తెరుచుకుంది.

"ఏరా బుజ్జోడా, ఆకలేస్తోందా?" అన్నారావిడ, వీధిలోకి చూస్తూ. "మీ అన్నయ్య ఇంట్లో లేడులే. రారా, లోపలికి రా."

వీధిలో ఎవరూ లేరు. ఆవిడ కాసేపు అలాగే కూర్చుని, తలుపు వేసి, వచ్చిన దారినే వెళ్ళి పడుకున్నారు.

మా ఆయన లేవలేదు. అక్కణ్ణుంచే, "వాడు ఎప్పుడైనా వచ్చాడంటావా?" అన్నారు. ఆ గొంతులో అప్పటికీ అనుమానమే.

"వస్తే తోక ఊపదండీ, గుర్రుమంటుంది. వాడి వేలు అందులో ఎక్కడుంది?"

ఆయన మొహం చూడలేకపోయాను. కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

సాయంత్రం సంగతంతా విని అమ్మాయి నాయనమ్మ మంచం మీద కూర్చుంది. "ఆకలి అంటే చార్జింగ్ పెట్టమని, నాయనమ్మా. అది నిజం కుక్క కాదు."

"ఆమాత్రం తెలీదుటే నాకు? ఊరికే తలుపు తీస్తే మీ నాన్న ఎందుకని అడుగుతాడు. కుక్క ఏడిస్తే తీశానంటే ఎవడేమంటాడు?"

మా ఆయన ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. క్షమించమన్న మాట ఆయన నోట రాదని నాకు తెలుసు. రాలేదు కూడా. "ఒరేయ్, కొత్త తాళం ఒకటి వచ్చింది. నీ వేలు కావాలి. ఓసారి రా" అన్నారు. ఆ తర్వాత అవతలివైపు మాట వింటూ చాలాసేపు నిలబడ్డారు.

ఆదివారం బుజ్జోడు వచ్చాడు. గుమ్మం దగ్గర చెయ్యి వేయగానే తాళం గుర్రుమంది. "నోర్ముయ్యవే!" అని లోపల్నుంచి అత్తగారు కసిరారు. మా ఆయన తలుపు తీసి, తమ్ముడి చెయ్యి తనే పట్టుకుని, వేలు కుక్క తల మీద పెట్టి అదిమారు. గుర్తు పట్టేదాకా కదలనివ్వలేదు. తోక ఊగింది. అయినా ఆ చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు కూడా మధ్యాహ్నం పంజా పడుతుంది. ఒకరోజు నేను కొట్టుకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళేసరికి ఆయన ఫోను చూసుకుంటున్నారు. పంజా వంక కాసేపు చూసి, ఫోను జేబులో పెట్టుకుని, చేతిలోని తాళంచెవిని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టారు. ఎవరొచ్చారని నన్ను అడగలేదు.