చుక్కల చేపకి గృహప్రవేశం

ఈ రోజు పొద్దున మార్కెట్లో ఆగిరిపల్లి రైతు ఒకాయన తెచ్చిన బంగినపల్లి కాయల్లో మచ్చలున్నవన్నీ ఏరి పక్కన పెట్టించాను. "మచ్చ కాయని మంచి కాయల్లో కలిపితే లోడంతా పోతుందండీ" అని నలుగురి ముందూ ఆయనకు క్లాసు కూడా పీకాను. మామిడి వ్యాపారంలో పుట్టి పెరిగినవాణ్ణి. నా కంటిని దాటి మచ్చ పోదని గర్వం.

సాయంత్రం ఇంటికొస్తే అక్వేరియంలో చేపలన్నీ గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. హనుమాన్ జంక్షన్‌లో చేపల షాపతనికి ఫోటో పంపాను. అది పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బని, నీళ్లను మెల్లగా వెచ్చబెట్టి తొట్టి మొత్తానికీ మందు వేయాలని చెప్పాడు. "ఈమధ్య కొత్త చేపనేమైనా కలిపారాండీ?" అని అడిగాడు.

కలిపాను. పోయినవారం చింతలపూడి వెళ్లినప్పుడు ముచ్చటపడి తెచ్చాను. అప్పటికే దాని ఒంటిమీద చుక్కలున్నాయి. అదేదో అరుదైన రకం అనుకుని బేరం కూడా ఆడలేదు. కొన్నాళ్లు వేరే నీళ్లలో ఉంచి చూడాలన్న ఆలోచనే రాలేదు.

మా ఆవిడ తొట్టిలో మందు వేస్తూ, "కాయ మీద మచ్చుంటే గంప దగ్గరికి రానివ్వరు. మచ్చల చేపకి మాత్రం దగ్గరుండి గృహప్రవేశం చేయించారు" అంది.

చేపలు పెంచేవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవి తేరుకుంటాయో లేదో చెప్పండి. ఆగిరిపల్లి రైతుగారూ, ఈ పోస్టు మీ కంటపడితే నవ్వుకోండి, పర్లేదు. షేర్ మాత్రం చేయకండి. రేపు మళ్లీ మీ కాయలు ఏరాల్సింది నేనే.