జీపు మీది గొట్టం

ఎనభైల్లో ఒకసారి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. పక్క సీటాయన కాళ్ల మధ్య విల్లులా వంచిన లావుపాటి ఇనుప గొట్టం. బస్సు కుదిపినప్పుడల్లా నా మోకాలికి తగులుతోంది.

"టాపు మీద వెయ్యచ్చు గదా?" అని విసుక్కున్నాను.

"ఆడ పెడ్తే పడిపోతాదన్నా. జీపుది ఇది. బండి పల్టీ కొడితే తలకాయలు నలగకుండా సీట్ల మీద ఉండేది. నా కొడుకు పెండ్లికి నేనే ఊడదీపిచ్చినా."

"ఎందుకు?"

"మెరవణిలో పిల్లోడు నిలబడితే అందరికీ కనపడల్లని. మర్సనాడు బిగిద్దామనుకుంటిమి. పెండ్లి రోజే కాలవ మలుపులో జీపు బోల్తా పడె. పిల్లోడు ఆడనే పాయె. గొట్టం మాత్రం గొడ్ల కొట్టంలో బద్రంగా ఉండె."

ఆ తర్వాత నేను మోకాలు జరుపుకోలేదు.

అదే జీపును బాగుచేయించి అమ్మారట. కొన్నవాళ్లింట్లో ఇప్పుడు పెళ్లి. గొట్టం బిగించుకోమని ఇచ్చి రావడానికి పోతున్నాడు. నేను పోతున్నదీ ఆ పెళ్లికే.

పెళ్లిపెద్ద గొట్టాన్ని తిప్పి చూసి నవ్వాడు. "ఇది బిగిస్తే పిల్లోడు కోళ్ల గంపలో ఉన్నట్టుంటాడు గదప్పా! అన్నం తినిపో." మర్యాదకేం లోటు లేదు. గొట్టం అక్కడే వదిలి, ఆయన తినకుండానే బస్టాండు దారి పట్టాడు.

గొట్టానికి పూలు చుట్టి వీధి పందిరి ముందర తోరణంలా వేలాడగట్టారు. సాయంత్రం పెళ్లికొడుకు నిలబడి ఉన్న జీపు దాని కింద నుంచే కదిలింది.

"వంగు నాయనా, తలకాయ బద్రం!" అని అందరూ ఒక్కసారిగా అరిచారు.