పెద్ద సిస్టర్ వాయిస్ మెసేజ్‌లు

నిడదవోలు ఆసుపత్రిలో మా పెద్ద సిస్టర్ నర్సులందరికీ వాట్సాప్ గ్రూపు పెట్టారు. తాను చేసిన పొరపాట్లను వాయిస్ మెసేజ్‌లుగా పంపి మాకు పని నేర్పేవారు. "నేను చేశానమ్మా, మీరు చెయ్యకండి," అనేవారు నవ్వుతూ.

ఒకసారి ఒకరి ఇంజెక్షన్ మరొకరికి ఇవ్వబోయి ఆగిన సంగతి చెప్పారు. ఎవరో ఆ మెసేజ్ మేనేజరుకు వినిపించారు.

"ఇది మీ గొంతేనాండీ?" అని అడిగారట ఆయన.

"నాదేనండి. పిల్లలు నేర్చుకుంటారని చెప్పాను."

ఆ సాయంత్రమే ఆవిడను పనిలోంచి తీసేశారు. వినిపించింది ఎవరో తెలియక మాలో మాకే మాటలు తగ్గాయి. గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులే మిగిలాయి.

మొన్న కొత్తమ్మాయి ఒక రోగికి మందు ఎంత ఇవ్వాలని అందులో అడిగింది. ఎవరూ జవాబివ్వలేదు. కాసేపటికి తనే ఆ ప్రశ్న చెరిపేసింది. ఆ రోగికి మందు ఎంత ఇచ్చిందో ఎవరమూ అడగలేదు.