సైనేడు దిబ్బ మీద గాలి చప్పుడు

చౌడప్ప ముందు కొట్టి తర్వాత మాట్లాడే మనిషి. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కూలీల లైన్లలో అతని చేతి దెబ్బ తినని మగవాళ్లు తక్కువ. సైనేడు దిబ్బ మీద పాము కంటబడితే ఇక చెప్పనక్కరలేదు, ముక్కలు చేయందే అతనికి అన్నం సయించేది కాదు.

పుట్టుకతో వచ్చిన కోపం కాదది. వాళ్ల నాయన పుంగనూరు వైపు నుంచి వచ్చి గనిలో చేరాడు, కొడుకూ అందులోనే దిగాడు. గనులు సర్కారు చేతికొచ్చిన కొన్నేళ్లకు ఒకరోజు లోపల ఏర్ బ్లాస్ట్ అయింది. అంటే పైనున్న భూమి బరువుకు రాతిగోడే పేలిపోవడం. చౌడప్ప, అతని జోడీ బచ్చప్ప రాళ్ల వెనక చిక్కారు. బచ్చప్ప నడుము దాకా బండ కింద ఉన్నాడు. ఊపిరి తీస్తే దుమ్మే. డ్రిల్లింగు మిషనుకు గాలి తెచ్చే గొట్టం దగ్గర్లోనే ఉంది. చౌడప్ప చీకట్లో చేత్తో తడిమి, దాని జాయింటును రాయితో గోళ్లూడేదాకా బాదాడు. ఉస్సుమని గాలి వచ్చింది. గొట్టం కొస లాగి బచ్చప్ప మొహానికి పెట్టాడు.

"నాకు చాల్లేరా చౌడా. ఇంగ నువ్వు పీల్చు" అన్నాడు బచ్చప్ప. రక్తం కక్కుకుంటూనే ఆ మాట అన్నాడు, అదే ఆఖరి మాట.

చౌడప్ప పీల్చాడు, బతికాడు. ఎడమ చెవికి వినికిడి పోయింది. పీల్చినందుకు మాత్రం తనని తాను ఏనాడూ క్షమించుకోలేదు. నిద్రలో కూడా పెళ్లాం చెవిన పడేలా బచ్చప్ప ఆఖరి మాటే పలవరించేవాడు.

తర్వాత అతన్ని పైన పనికి వేశారు. బంగారం తీసేసిన రాతిపొడిని కొండలా పోసిందే సైనేడు దిబ్బ. గాలి లేస్తే ఆ తెల్లదుమ్ము లైన్లలోని అన్నం గిన్నెల్లో పడుతుంది. దాన్ని అణచడానికి కిత్తనార మొక్కలు నాటడమే అతని పని. వాన నిలవని ఆ ఇసుకలో మెతకవి బతకవు. జెముడు ఆకుల్ని ముళ్లు చేసుకుని ఉన్న నీళ్లను ఒంట్లో దాచుకుంటుంది. ఒక పిట్ట తొండను ఆ ముళ్లకే గుచ్చి, బతికుండగానే చీల్చుకు తింటుంది. ఇసుక పింజరి పాము మరీ పిసినారి. నోటితో బుసకొడితే తడి ఖర్చయిపోతుందని, ఒంటి పొలుసుల్నే ఒకదానితో ఒకటి రాసి ఉస్సుమనిపిస్తుంది.

చౌడప్ప వాటి తలలు నరికేవాడు. తల తెగాక కూడా నరుకుతూనే ఉండేవాడు.

"సచ్చినాంక ఇంగేంటికి నరికేది?" అని పెళ్లాం నారాయణమ్మ అడిగింది.

"బండను నరకలేను గదా" అన్నాడు.

అయితే అతను చంపినవన్నీ కంటికి కనబడినవే. వాటి చప్పుడు అతని చెవికి ఎప్పుడూ అందలేదు. ఒక మధ్యాహ్నం నారాయణమ్మ సంగటి తెచ్చింది. చౌడప్ప కిత్తనార పక్కన పడున్న పాత ఇనుప గొట్టానికి ఒరిగి కూర్చున్నాడు. మంచి చెవి అటే ఉంది. గొట్టం కింద ఉస్సుమంది. అతని మొహం పసిపిల్లాడి మొహమైపోయింది.

"గాలొస్తాండాదే."

"ఈ గొట్టంలో గాలి యాడిది? చెయ్యి పెట్టొద్దప్పా."

గనిలో మిషను పనివాళ్లు గాలి లీకును కళ్లతో వెతకరు, చీకట్లో అరచేత్తో వెతుకుతారు. చౌడప్ప అరచెయ్యి అప్పటికే గొట్టం కిందికి పోయింది. పింజరి కుడి చూపుడు వేలు కరిచింది. దాన్ని గొట్టానికేసి బాది చంపి, ఆ గొట్టం మీదే వేలు పెట్టి, ఎడమచేత్తో కత్తి ఎత్తి నరుక్కున్నాడు.

నారాయణమ్మ కొంగు చించి కట్టి ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది. వేలు పోయినా విషం ఆగలేదు. చిగుళ్ల నుంచి రక్తం కారింది. మందు ఎక్కిస్తుండగానే ఊపిరి అందక మొహం నల్లబడింది. నర్సు గొట్టం ముక్కుకు పెట్టి ఆక్సిజన్ సిలిండరు తిప్పింది. ఉస్సుమంది.

"పింజరి" అని చౌడప్ప గొట్టం పెరికి పారేశాడు. నర్సును తోశాడు. పట్టుకోబోయిన మనిషి పెదవి పగలగొట్టాడు. మంచానికి కట్టేస్తే తలను మంచం కమ్మీకేసి బాదుకున్నాడు.

"గాలి పెట్టనివ్వకపోతే మనిషి దక్కడమ్మా" అన్నాడు డాక్టరు.

నారాయణమ్మ మంచానికి కట్టేసిన మొగుడి ఎడమచెయ్యి విప్పింది. గొట్టం ముందు తన అరచెయ్యి పెట్టి చూపించింది. తర్వాత అతని అరచెయ్యి లాగి అక్కడే పెట్టింది. "చూడప్పా. కరవదు."

చల్లటి గాలి తగిలింది. చౌడప్ప చెయ్యి ఆగింది. మెల్లగా గొట్టం పట్టుకుని, తన ముక్కుకు కాదు, ఆమె మొహానికి పెట్టాడు.

"ముందు నువ్వు పీల్చు, బచ్చా."

నారాయణమ్మ పీల్చింది. గొట్టాన్ని అతని వైపు తిప్పింది.

"నాకు చాల్లేరా చౌడా" అంది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తూ. "ఇంగ నువ్వు పీల్చు."

అతను ఏడుస్తూ పీల్చాడు.