లీగు మారిన ఏడాది పాసిర్ రిస్ ప్రయాణం

ఆదివారం ఉదయం ఏడు నలభైకి క్లెమెంటిలో రైలెక్కాను. పాసిర్ రిస్ ఆకుపచ్చ లైనులో ఆఖరి స్టేషన్. మధ్యలో రైలు మారే పని లేదు, గంటకి కాస్త తక్కువ పడుతుంది, టికెట్ రెండు డాలర్ల చిల్లర. అక్కడి కాలేజీలో పది గంటలకి మూడు కాలేజీల టేబుల్ టెన్నిస్ జట్ల సమావేశం. మా అమ్మాయిల జట్టు ఈ ఏడాది ఉంటుందో లేదో అక్కడ తేలిపోతుంది.

పోయిన ఏడాది దాకా మేం పడమటి లీగులో ఆడేవాళ్లం. నాలుగు కాలేజీలు, ఎక్కడికెళ్లాలన్నా ఒక్క బస్సు చాలు. ఈ ఏడాది మా కాలేజీ ఆ లీగు వదిలేసి స్పాన్సర్లున్న పెద్ద లీగులో చేరింది. డబ్బు బాగానే వచ్చిందట, అది ఫుట్‌బాల్‌కి వెళ్లింది. మాకు మిగిలింది దూరం. దానికి తోడు కొత్త నిబంధన ఒకటి: ప్రతి జట్టూ తన వంతు మ్యాచ్‌లకి హాలు తనే చూసుకోవాలి. మాకిచ్చిన సొమ్ము రెండు అద్దెలకి సరిపోతుంది, మా వంతు మ్యాచ్‌లు ఐదు. రెండుసార్లు ఆట తప్పితే జట్టు పేరు కొట్టేస్తారు.

ఒకే రోజు ఒకే హాల్లో మూడు జట్లూ ఆడి అద్దె పంచుకుందామన్నది నా ఆలోచన. మా కెప్టెన్ అనూష ఇక్కడే పుట్టి పెరిగింది, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తుంది. "నువ్వే వెళ్లు లా! నేనైతే ఫైట్ అయిపోతుంది. నీకు కోపం రాదు కదా" అంది. వస్తుంది, బయటికి రాదంతే. చెప్పాల్సిన ప్రతి మాటా ఒక కాగితం మీద రాసుకుని బయల్దేరాను.

రైల్లో నా పక్కన జురాంగ్ వెస్ట్ నుంచి వస్తున్న ఒకాయన. షిప్‌యార్డులో పని, సిద్దిపేట దగ్గరి ఊరు. నా డైరీలో తెలుగు అక్షరాలు చూసి పలకరించాడు. కొత్తవాళ్లతో నోరు విప్పని నేను ఆయనకి సంగతంతా చెప్పేశాను.

"పెద్ద పొత్తుల కలిసినంక చిన్నోడు నోరు తెరిచి అడగాలె బిడ్డా. అడగకుంటె ఎవ్వడియ్యడు."

"మీరు అడుగుతారా అంకుల్, యార్డులో?"

"నేనా? నేనడిగితె సక్కగ విమానమెక్కిస్తరు. నువ్వడుగు!" అని నవ్వి టాంపినెస్‌లో దిగిపోయాడు.

ఎనిమిది ముప్పై ఐదుకి దిగాను. స్టేషన్‌కి కాస్త దూరంలో హాకర్ సెంటర్, అంటే ఒకే కప్పు కింద చవక తిండి కొట్లు. అక్కడ రెండు ప్రాటాలు, అంటే మన పరోటాలే, ఒక టీ, నాలుగు డాలర్ల లోపే. ఆదివారం కదా, బల్లలన్నీ నిండిపోయాయి. ఇక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే అది మనదే, ఎవరూ కూర్చోరు. దీన్నే చోప్ చేయడమంటారు. నా దగ్గర టిష్యూ లేదు. మాటలు రాసుకున్న కాగితాన్నే మడిచి పెట్టి వరుసలో నిలబడ్డాను. ప్లేటుతో తిరిగొచ్చేసరికి బల్ల తళతళలాడుతోంది, కాగితం లేదు. తుడిచే ఆంటీని అడిగితే, "త్రో ఆల్రెడీ లా! చోప్‌కి టిష్యూ!" అని కసిరింది. చెత్తడబ్బాలోకి తొంగి చూశాను. నూడుల్స్ పులుసులో మునిగి ఉంది.

అప్పుడే వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. కూర్చుని ప్రాటాలు రెండూ తినేసి కాలేజీకి నడిచాను.

సమావేశంలో ముగ్గురమే. ఆతిథ్య కాలేజీ జట్టు మేనేజర్ లిమ్ అంకుల్, ఉత్తరాన వుడ్‌లాండ్స్ నుంచి వచ్చిన కెప్టెన్ సోఫియా, నేను. రాసుకున్నవాటిలో మూడు వాక్యాలే గుర్తొచ్చాయి. అవే చెప్పాను. తర్వాత మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి.

"ప్రతి జట్టుకీ సొంత ఏర్పాటుండాలి. రూల్ అది" అన్నాడు లిమ్ అంకుల్.

"కలిసి ఏర్పాటు చేసుకోకూడదని ఎక్కడా లేదు అంకుల్. రెండుసార్లు చదివాను."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మా హాలు కాలేజీదే. అద్దె తీసుకోం. కానీ అన్నీ ఇక్కడే ఆడాలి. మీ వంతు మ్యాచ్‌లు కూడా."

"అంటే మీరు ఇంట్లో, మేం ఎప్పుడూ రైల్లో! అంకుల్ చాలా తెలివైనవాడు" అంది సోఫియా. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సరేనంటే నేనూ సరే" అంది.

క్లాసులయ్యాక వచ్చి మాకోసం అరిచే స్నేహితులు ఇంత దూరం రారు. ఇంటి పక్క హాల్లో ఈ ఏడాది ఒక్క ఆట కూడా ఉండదు. అనూషకి ఫోన్ చేశాను, ఎత్తలేదు.

"సరే అంకుల్. కానీ పదకొండుకి ముందు మొదలుపెట్టకూడదు."

"పదిన్నర."

"పదకొండు అంకుల్."

సోఫియా కిసుక్కున నవ్వింది. ఆయన పదకొండని రాసి సంతకం పెట్టాడు.

పదకొండు యాభైకి తిరుగు రైలు ఎక్కాను. బెడోక్ దాటాక అనూష ఫోన్ చేసింది. ఒప్పుకున్న షరతు చెప్పాను.

"మన హాల్లో ఒక్కటి కూడా లేదా?"

"లేదు. జట్టు ఉంది."

"చప్పట్లు ఎవరు కొడతారు మరి?"

"మూడు జట్లు కదా, అప్పుడు ఆడని జట్టు."

"ఇదంతా నువ్వే మాట్లాడావా? నిజంగా?"

అవునన్నాను. ఎదురు సీటులో ముసలాయన తలెత్తి చూసేంత గట్టిగా అన్నట్టున్నాను. పాసిర్ రిస్ దూరమే. క్లెమెంటి నుంచి వెళ్లేవాళ్లు ఆదివారం తొమ్మిదిన్నర రైలు అందుకుంటే పదకొండుకి బ్యాటు పట్టుకుని నిలబడొచ్చు. మేం ఐదు ఆదివారాలు అలాగే వెళ్తాం.