కుడి పక్కకు కుంగిన సీటు

చాంద్రాయణగుట్టలో అస్లాం షెడ్డుకు వెళ్లి కూర్చున్నారనుకోండి, మీ పలకరింపు వినకముందే మీ కింద స్టూలు ఊగుతోందని లేపేస్తాడు. దాన్ని బాగుచేశాకే మళ్లీ కూర్చోమంటాడు. అంత మొండిఘటం. ఆటో సీటైనా పెళ్లికారు సీటైనా పాత స్పాంజి మీద తోలు కుట్టమంటే కుట్టడు. "లోపల కుళ్లు పెట్టి పైన జరీ కుడ్తమా భాయ్?" అంటాడు. పీకిన స్పాంజి ఆ సాయంత్రమే మాదన్నపేట గుండయ్య దుకాణానికి పోతుంది. గుండయ్య దాన్ని మిషన్లో వేసి తురిమి దిండ్లలో నింపుతాడు.

అలాంటివాడి చేతికి మైథిలి ఎర్ర ఫెరారీ మోండియల్‌ను అప్పగించింది. ముప్పై అయిదేళ్లు దాటిన ఇటలీ బండి. గుడ్డ టాపు వెనక్కి మడిచేస్తే ఆకాశమే కప్పు. ఇంజను సీట్ల వెనకే ఉంటుంది. నాలుగు సీట్లన్నది పేరుకే, వెనక సీట్లలో పిల్లలు కూడా మోకాళ్లు ముడుచుకోవాల్సిందే. స్టీరింగు ఎడమవైపు. ఆమె భర్త క్రాంతి మోజుపడి కొన్నాడు. మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు.

"డ్రైవర్ సీటు అంచున కుట్టు ఊడింది. అదొక్కటే వేయండి అస్లాం భాయ్, ఇంకేమీ ముట్టుకోకండి" అందామె.

అస్లాం తలూపాడే గాని చెవికెక్కించుకోలేదు. గిరాకీలంతా అనే మాటే కదా అనుకున్నాడు.

తోలు విప్పి చూస్తే స్పాంజి కుడి పక్క బాగా కుంగి ఉంది. "ఏంది గిట్లయింది!" అని ముక్కున వేలేసుకున్నాడు. పాపం, మగదిక్కు లేని మనిషి నమ్మి ఇచ్చిన పని, అరకొరగా చేసి పంపడానికి మనసొప్పలేదు. కొత్త స్పాంజి కోసి, చెక్కి, రెండు పక్కలా సమంగా తేల్చి, అదే తోలు కప్పి కుట్టాడు. ఇంటికెళ్లి భార్య రహీమాకు ఆ కుట్టు గురించే చెప్పి చెప్పి విసిగించాడు. అంత మురిసిపోయాడు, పిచ్చి మనిషి.

మర్నాడు మైథిలి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. కుడి పక్క అరచేత్తో తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇక్కడ పల్లం ఉండాలి కదా?"

"గదే మేడం! మస్తు కుంగింది. మొత్తం కొత్తది ఏసిన. ఇంక పదేండ్లు ఫికర్ లేదు."

ఆమె కుడివైపు సీటు చూపించింది. "నేను ఈ పక్క సీట్లో కూర్చునేదాన్ని. నాతో మాట్లాడుతూ ఆయన ఎప్పుడూ ఇటే ఒరిగేవారు. రోజూ సాయంత్రం ఈ పల్లంలోనే కూర్చుంటున్నాను భాయ్. ఆ పాత స్పాంజి... ఉందా?"

అస్లాం స్కూటరెక్కి మాదన్నపేట దాకా ఆగకుండా పోయాడు.

"పొద్దుగాల్నే మిషన్ల ఏసిన భాయ్" అన్నాడు గుండయ్య. "దిండ్లు గూడ అమ్ముడుపోయినయ్. ఏమైంది?"

తురుము కుప్ప ఇంకా కొంత మిగిలి ఉంది. అస్లాం మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ అందులో పెట్టి కెలికాడు. ఏం వెతుకుతాడు? ఏ ముక్క ఏ సీటుదో ఆ దేవుడికే తెలియాలి. జీవితంలో మొదటిసారి తన పనితనం మీద తనకే అసహ్యం వేసింది. గుండయ్య ఎదుటే ఏడ్చేశాడు.

తిరిగొచ్చేసరికి ఆమె కారులోనే ఉంది. అతని ఖాళీ చేతులు చూసింది.

"మాఫ్ జేయ్ అమ్మా" అన్నాడు అస్లాం. "నువ్ చెప్పినవ్. నేనే ఇనలే."

కోప్పడితే బాగుండుననుకున్నాడు. తిడితే ఇంకా బాగుండును. మైథిలి మెల్లగా దిగి తలుపు వేసింది.

"చాలా బాగా కుట్టారు భాయ్. ఎవరు కూర్చున్నా సరిపోతుంది" అంది. "ఆయన పోయారని మూడేళ్లుగా అందరూ చెబుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఇవాళే పోయారు."